వేరు కోరిన యిల్లు

ఎఱ్ఱమన్ను, మాగిన పశువులయెరువు, దోసెడు ఇసుక – ఈ మూటిని కలిపిపెట్టినచో ఏ మొక్కయైనను బ్రతికితీరునని నమ్మి పెరిగిన చేతులు నావి. ఆ నమ్మకముతోనే, తొలిసారి మా యింటికి వచ్చిన ఫలెనాప్సిస్ ఆర్కిడ్డును, దాని వేళ్ల నడుమనున్న బెరడు ముక్కలనన్నిటిని దులిపివైచి, కుండెడు మంచి మన్నులో ఆప్యాయముగా నాటితిని. కొలదివారములకే ఆకులు ముడుతలుపడి వ్రేలాడినవి. దాహమని తలచి మఱింత నీరు పోసితిని. తుదకు పెల్లగించి చూడగా, వేళ్ల పైతొడుగు క్రుళ్లి జారిపోయి, లోపలి నారపోగులు మాత్రమే చేతికి వచ్చినవి. అది దప్పికచే గాక, ఊపిరాడక మరణించినది.

జావాద్వీపమున పనిచేసిన బ్లూమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, శలభమును బోలిన పూవును జూచి, ఆ యర్థము వచ్చునట్లు 1825లో ఈ ప్రజాతికి గ్రీకుపదములతో పేరిడెను. ఆగ్నేయాసియా యడవులలో ఈ మొక్క మన మామిడికొమ్మల నంటియుండు వాండావలెనే చెట్టుపై ఆసనమును మాత్రమే కోరును. చెట్టు రసమును దొంగిలింపదు. వాననీటిని స్పంజివలె పీల్చి, వెనువెంటనే గాలికి ఆరిపోవు తెల్లని తొడుగు దాని వేళ్లకు కలదు. తడిసినప్పుడు పచ్చగాను, ఆరినప్పుడు వెండివలెను కనబడు ఆ వేరే నీరెప్పుడు పోయవలయునో మనకు చెప్పును.

వేళ్లకు గాలి తగులుటకై మన్నునకు బదులు కుండలో వేయు ఆ బెరడును శాశ్వతము కాదు. ఇంచుమించు రెండేండ్లలో చివికి, వ్రేళ్లతో నలిపిన పొడియై, నీటిని పట్టియుంచి, గాలికి దారి మూసివేయును. అప్పుడే కుండ మార్చవలయును. అయితే పూలు విచ్చియున్నప్పుడు కదల్చినచో మొగ్గలు రాలవచ్చును గనుక, కడపటి పూవు రాలి, క్రొత్తవేరు పచ్చని మొన చూపువఱకు వేచియుండుట మేలు.

ముందునాటి రాత్రి క్రొత్త బెరడును నానబెట్టి, మఱునాడు మొక్క వేళ్లను తడిపి మెత్తబఱచి, పాతబెరడును ఓర్పుతో ఊడ్చి, మంటపై కాల్చి చల్లార్చిన కత్తెరతో క్రుళ్లిన వేళ్లను మాత్రమే తీసివేయవలయును. నొక్కిన గట్టిగానున్న వేరు నల్లబడినను ప్రాణముగలదే. వేళ్లు పట్టునంతటి చిల్లులకుండ చాలును. పెద్దకుండలో తడి నిలిచిపోవును. ఆకుల మొదలు పూడకుండ బెరడును, బొగ్గుముక్కలను వేళ్ల నడుమ జాఱవిడిచి, నీడనుంచి, గాయములు మానుటకు నాలుగైదు దినములు నీరు పోయకుండుట మంచిది.

ఇప్పుడు నా కిటికీలో నున్నది రెండవ మొక్క. కుండ మార్చిన నెలకు ఒక వెండివేరు అంచు దాటి, పచ్చని మొనతో గాలిలోనికి సాగినది. దానిని మరల లోనికి వంచుటకు నాకు చేయి రాలేదు.