పోయే వేడి

మా అవ్వ పొయ్యి వెలిగిస్తే ఒక్క పనికి వెలిగించేది కాదు. ముందు సంగటి. దాని పక్క పొయ్యిలోకి పాకే సెగ మీద పులగూర. అవి దించాక నిప్పుల మీద పాలకుండ. నిప్పులు నివురుగప్పాక పిల్లల కోసం రెండు గెనుసుగడ్డలు. ఆఖరికి ఆ బూడిదతో అంట్లు. ఇంధనం పొదుపు గురించి ఆవిడకెవరూ పాఠం చెప్పలేదు. కట్టెలు మోసుకొచ్చేది తానే మరి!

మన ఫ్యాన్లు తిప్పే కరెంటులో చాలాభాగం కూడా పొయ్యి మీదిదే. కడప జిల్లాలో ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ థర్మల్ స్టేషన్ లాంటి చోట్ల బొగ్గు వేడి 100 పాళ్ళనుకుంటే కరెంటుగా మారేది సుమారు 35. మిగతాదాంట్లో కొంత పొగగొట్టంలోంచి, ఎక్కువభాగం చల్లార్చే నీళ్ళతోనూ పోతుంది. అక్కడి లావుపాటి గోపురాల మీంచి తెల్లగా లేచేది పొగ కాదండీ, ఆవిరి. మా అవ్వ చూసుంటే ఇంజనీర్లకు తలంటి ఉండేది.

పాపం, వాళ్ళ ఇబ్బంది వాళ్ళదీ ఉంది. ఆ నీళ్ళు బోలెడు, వేడి మాత్రం 40 డిగ్రీల చుట్టుపక్కలే. చెరువు నిండా గోరువెచ్చని నీళ్ళున్నా గ్లాసు బియ్యం ఉడకవు కదా! పైగా కరెంటు తీగ మీద వందల మైళ్ళు పోతుంది, వేడి అలా పోలేదు. డెన్మార్కులో కోపెన్‌హేగన్ వాళ్ళు కరెంటు కొంచెం తగ్గినా సరేనని విద్యుత్ కేంద్రాల వేడిని గొట్టాల్లో ఊళ్ళోకి తెచ్చి ఇళ్ళు వెచ్చగా ఉంచుకుంటారు. మే నెలలో చిత్తూరులో ఎవరైనా వచ్చి "వేడి కావాలామ్మా?" అంటే మనం చీపురు తీసుకుంటాం.

మనకు కావలసింది నీళ్ళు. వెయ్యి అడుగుల బోరులో దుమ్ము లేచిన ఊళ్ళు మనవి. ట్యాంకరు హారను వినబడితే పోపు మాడినా సరే, బిందె పట్టుకుని పరుగెత్తినవాళ్ళం.

అందుకే మద్రాసు కబురు నాకు నచ్చింది. 2009లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు ఉత్తర చెన్నై థర్మల్ స్టేషన్ వదిలేసే గోరువెచ్చని సముద్రపు నీళ్ళతోనే రోజుకు 1.5 లక్షల లీటర్ల మంచినీళ్ళు తీసే ఏర్పాటు చేసి చూపించారు. కిటుకు మన వంటింట్లోదే. ప్రెషర్ కుక్కర్లో ఒత్తిడి పెరిగి, నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. ఇది దానికి తిరకాసు. గాలి తోడేసిన పెద్ద పెట్టెలో ఒత్తిడి పడిపోయి, గోరువెచ్చని నీళ్ళే ఆవిరైపోతాయి. ఆ ఆవిరి చల్లటి గొట్టాలకు తగిలి, అన్నం గిన్నె మూతకింద బొట్లలాగా నీరవుతుంది. ఉప్పు వెనకే ఉండిపోతుంది. ఊరికే ఏం రాదు లెండి, గాలి తోడే పంపులకూ కరెంటు కావాలి. కాని కాచడానికి వేరే బొగ్గు అక్కర్లేదు.

సముద్రాన్ని చిత్తూరు దాకా తోడుకు రమ్మని నేననను. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో సముద్రం పక్కనే బొగ్గు స్టేషన్లున్నాయి. తిరుపతి తాగే తెలుగుగంగ నీళ్ళొచ్చేదీ ఆ జిల్లాలోని కండలేరు నుంచే. ఆ ఒడ్డువాళ్ళు తమ దాహం ఇలా తీర్చుకుంటే కండలేరులో మనకు ఇంకో నాలుగు బిందెలు మిగలవూ?