రాయి దగ్గర చేప

సెలవుకి ఇచ్ఛాపురం వచ్చి, ఈసారి కోడ్ పక్కన పెట్టి పగడాల మీద వ్యాసం రాద్దామని కూర్చున్నాను. ఎండ తగలని లోతుల్లోనూ పగడాలు పెరుగుతాయని నాకు ఈ మధ్యే తెలిసింది. నార్వే సముద్రంలో వందల మీటర్ల అడుగున, వేల ఏళ్ళుగా పేరుకున్న పగడపు దిబ్బలున్నాయి. వాటి మధ్య వేసిన గాలాలకి బయటికంటే పెద్ద చేపలు పడ్డాయని 2002లో అక్కడి పరిశోధకులు రాశారు. సముద్రం అడుగుని ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలల వల్ల ఆ పగడాల్లో 30 నుంచి 50 శాతం దాకా దెబ్బతిన్నాయని అదే ఏడాది ఇంకో అంచనా. 1999లోనే నార్వే సులా దిబ్బ మీద ట్రాలింగ్ ఆపేసింది. మన కేరళ తీరంలో ట్రాలింగ్ వేళ్ళూనుకోవడానికి దారివేసిన 1952 నాటి ఒప్పందంలో ఉన్నదీ ఆ నార్వేనే!

డొంకూరులో చిన్ననాటి స్నేహితుడికి ఇదంతా హుషారుగా చెప్పాను. వాడు గుజరాత్‌లో, వేరావల్‌లో ట్రాలర్ మీద పనిచేస్తాడు. వేట నిషేధం కదా, ఇంటికొచ్చాడు.

"రాయి కాడ సేప ఉంటాదని మా అయ్యకి నీ కాయితాలు సెప్పాలేట్రా? గాలమేసి తెచ్చేవోడు. అక్కడ వలేత్తే సిరిగిపోద్ది అనేవోడు."

"మరి నువ్వు?"

"బోటు సేటుది, వల సేటుది. నాది రెక్కల కష్టమేరా."

నా డ్రాఫ్టులో మొదటి వాక్యం 'మత్స్యకారుల అజ్ఞానం వల్ల' అని మొదలవుతుంది. రాత్రి ఇంటికొచ్చి ముందు దాన్ని కొట్టేశాను. వ్యాసం ఇంకా అక్కడే ఉంది.