మా చిట్టి షుగర్ నోట్‌బుక్



మా పిల్లి చిట్టికి తొమ్మిదేళ్లు. నిరుడు వేసవిలో అదే పనిగా నీళ్లు తాగడం, బాగా తింటున్నా చిక్కిపోవడం చూసి పశువుల డాక్టర్ గారికి చూపిస్తే షుగర్ అన్నారు. "పిల్లికి షుగరేమిటే!" అని అమ్మమ్మ నవ్వింది. తను పదిహేనేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటోంది.

అప్పటి నుంచి చిట్టికి పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్. పాలన్నం మానేసి మాంసం పెడుతున్నాం. చెవి అంచున చిన్న సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం గ్లూకోమీటర్‌లో చూసి నోట్‌బుక్‌లో రాస్తాం. ఆసుపత్రిలో భయానికే పిల్లి షుగర్ పెరుగుతుంది కాబట్టి ఇంట్లో చూసిన అంకెలే డాక్టర్ గారికి ఎక్కువ ఉపయోగం.

సిరంజి సంగతి తెలిశాక నాకు గుండె దడ పుట్టింది. ఇన్సులిన్ సీసాల్లో 40 రకం, 100 రకం ఉంటాయి. సిరంజిలూ అంతే. 100 రకం మందును 40 సిరంజిలో గీత చూసి ఎక్కిస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది! ఏడో తరగతికి నిష్పత్తులు చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ లెక్కే ఇస్తున్నాను. పిల్లలు ఇట్టే పట్టేశారు.

ఒక ఆదివారం చిట్టి తిన్నదంతా కక్కేసింది. అప్పటికే సూది పడింది. మధ్యాహ్నానికి తూలుతూ గోడకు ఆనుకుంది. మీటర్‌లో 48. డాక్టర్ గారు ముందే చెప్పి ఉంచినట్టు అమ్మమ్మ దాని చిగుళ్లకు తేనె రాసింది, నేను ఆటో పిలిచాను. సాయంత్రానికి తేరుకుంది. ఏం చెయ్యాలో ముందే తెలియడం వల్లే దక్కింది.

ఇది మీకెందుకు రాస్తున్నానంటే, పిల్లల్లోనూ షుగర్ ఉంటుంది. పిల్లుల్లో సాధారణంగా వచ్చేది పెద్దవాళ్ల రకం లాంటిది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 వేరు. అందులో శరీరం ఇన్సులిన్ తయారుచేయడమే దాదాపు ఆపేస్తుంది. అది తీపి తిన్నందుకు వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. 1922లో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ సూది వేయించుకున్న లియోనార్డ్ థాంప్సన్ కూడా పిల్లవాడే. మన బడి పిల్లల ఈడే.

అయినా కొందరు తల్లిదండ్రులు ఈ సంగతి బడిలో చెప్పరు. ఆడపిల్లయితే మరీ, రేపు సంబంధాలు రావేమోనని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పీఈటీ పీరియడ్ తర్వాత బిడ్డకు చెమటలు పట్టి, మాట తడబడితే, తెలియని టీచర్ "ఎండ దెబ్బేమో, కాసేపు పడుకో" అంటుంది. తెలిసిన టీచర్ వెంటనే గ్లూకోజ్ తాగించి మీకు ఫోన్ చేస్తుంది.

డైరీలో రాయడం ఇష్టం లేకపోతే, పేరెంట్స్ మీటింగ్ రోజున క్లాస్ టీచర్‌ను పక్కకు పిలిచి రెండు నిమిషాలు చెప్పండి. సూది ఎప్పుడు, ఏం తినాలి, షుగర్ పడిపోతే ఎలా ఉంటుంది, ఎవరికి ఫోన్ చెయ్యాలి. ఈ నాలుగూ చాలు. నా టేబుల్ సొరుగులో గ్లూకోజ్ ప్యాకెట్ సిద్ధంగా ఉంది. అది ఎవరికి అవసరమో మీరే చెప్పాలి.

— ఏడో తరగతి క్లాస్ టీచర్