చచ్చిన తాబేలుకి రంగెందుకు?

మా ఊరు భీమిలి దాటాక, సముద్రం ఒడ్డునే. సెలవుల్లో నేను చేసే పని చెప్తే హాస్టల్లో అందరూ నవ్వుతారు. తెల్లవారకముందే లేచి, ఇంకో ముగ్గురితో కలిసి ఇసుకలో నడుస్తూ, తాబేళ్ళు కనబడితే రాసుకోవడం!

మన తీరానికి వచ్చేవి ఎక్కువగా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు. చలికాలం చివర్లో ఆడతాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి, గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. తెల్లారేసరికి ఇసుక మీద జాడ ఒక్కటే మిగులుతుంది. గాలి లేచిందంటే అదీ ఉండదు. అందుకే ఆ తొందర.

రాసుకునేది పెద్దగా ఏమీ ఉండదు. తేదీ, టైము, ఫోన్లో లొకేషన్, బతికుందా చచ్చిందా, డిప్ప పొడవు, గాయాలు, ఒక ఫోటో. చచ్చినదైతే డిప్ప మీద పెయింటుతో గీత గీస్తాం, రేపు ఇంకెవరో దాన్నే మళ్ళీ లెక్కపెట్టకుండా. ఏమీ కనబడని రోజు 'సున్నా' అని రాయాలి. చాదస్తంలా ఉంటుంది గానీ, నడిచినా ఏమీ కనబడకపోవడం, అసలు నడవకపోవడం ఒకటి కాదు కదా.

రెక్కకి టాగ్ ఉంటే నంబరు కూడా రాయాలి. 2021లో ఒడిశాలో టాగ్ వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనబడింది. దాదాపు 3,500 కిలోమీటర్లు! తూర్పు తీరం తాబేళ్ళు వేరు, పడమటి తీరం తాబేళ్ళు వేరు అనుకునేవాళ్ళని ఆ ఒక్క నంబరు మళ్ళీ ఆలోచనలో పడేసింది.

ఇంట్లో మాత్రం ఈ పని అంత తేలిక కాదు. మా చిన్నాన్న బోటు మీద వేటకెళ్తాడు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కి చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోతే చచ్చిపోతుంది. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

"ఇప్పటికే ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట బందు. నీ కాయితాలు సూసి ఇంకో రెండు నెల్లు ఆపేత్తే ఏటి తినాలిరా?" అన్నాడు.

"ఎక్కడ, ఏ వారంలో చస్తున్నాయో తెలీకపోతే నింద మొత్తం తీరం మీద పడుద్ది చిన్నాన్నా. తెలిస్తే ఆ కొన్ని రోజులు, ఆ చోటు తప్పించుకుంటే చాలు కదా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా.

మొన్న ఫిబ్రవరిలో క్లాసులో ఉండగా ఫోనొచ్చింది. "వల్లో ఒకటి పడిందిరా. కోసి వదిలేసినాం. రాసుకో, బతికున్నదే."

ఒడ్డున నడిచే మాకు కనబడేవి ఎక్కువగా చచ్చినవే. బతికున్నవి వేటకెళ్ళేవాళ్ళకి కనబడతాయి. మా పట్టికలో సముద్రం లోపలి నుంచి వచ్చిన మొదటి వరుస అది.

మీరూ బీచ్‌లో తాబేలుని చూస్తే ముట్టుకోకండి, ఫ్లాష్ వేయకండి. దూరం నుంచి ఒక ఫోటో, టైము, లొకేషన్ అటవీశాఖకి పంపండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.