బీదరు పుర సందర్శనము

గత సెలవులలో మేము నలుగురు మిత్రులము సంచులు వీపులకు తగిలించుకొని ఝరాసంగమునుండి జహీరాబాదు మీదుగా బీదరునకు పోయితిమి. ఒకప్పుడు బహమనీ సుల్తానుల రాజధానిగా నుండిన ఆ పురమున కోటను, రంగీను మహలును కాలినడకనే తిరిగి చూచితిమి.

మా మనస్సులను మిక్కిలి కలచినది మాత్రము, పారశీకమునుండి వచ్చి మంత్రియైన మహమూదు గవాను 1472లో కట్టించిన మదరసా. 1481లో కపటలేఖను నమ్మి సుల్తానా విద్యాదాతను చంపించెను. ఔరంగజేబు కాలమున మందుగుండు ప్రేలి భవనములో కొంత కూలెను. అయినను మిగిలిన మీనారుపై నీలి పలకలు నేటికిని మెరయుచున్నవి.

మాలో నొకడు పేదరికముచే చదువు మానదలచి యుండెను. అతడా మీనారును చాలసేపు చూచెను. తిరుగు త్రోవలో నేమియు పలుకలేదు. సెలవులు ముగిసిననాడు బడిగంట మ్రోగకమునుపే, మాకంటె ముందుగా వచ్చి తన చోట కూర్చుండెను.