నిధుల సీమలో చారెడు గుంత

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు దక్షిణంగా పోయే దారి నలభై కిలోమీటర్ల పైచిలుకు వుంటుంది. ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోనే నడిచి వస్తున్నట్టు కనబడతాయి. కుడిచేతి వైపు నల్లరేగడి చేలు, వాటికి అవతల కుందూనది. వానాకాలం చివర ఈ దారిన వెళ్ళేవారికి వరి, పత్తి, జొన్న పైర్లు కన్నులపండువు చేస్తాయి. కాని ఇక్కడివారి మాటల్లో పైరుకంటె పైరు కింద ఏమున్నదన్నదే ఎక్కువగా వినిపిస్తుంది. ఏ వూరి రచ్చకట్ట మీద అయిదు నిమిషాలు కూర్చున్నా లంకెబిందెల కథ ఒకటి చెవిన పడక మానదు. ఫలానా గుట్టమీద, ఫలానా రాతికి తూర్పుగా ఏడు అడుగులు అని కొలతలు కూడా చెబుతారు. చెప్పినవాడు మాత్రం ఎన్నడూ తవ్వి వుండడు!

నంద్యాల జిల్లాకేంద్రం అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ఎంతోకాలం ముందునుంచే అది నవనందుల యాత్రకు కేంద్రం. ఆ తొమ్మిదింటిలో ప్రసిద్ధమైనది మహానంది. అక్కడి కోనేటి నీరు స్ఫటికం. అందులో రూపాయి కాసు జారవిడిస్తే అడుగున పడి వున్నదీ స్పష్టంగా కనిపిస్తుంది. నేలకు ఆ గుణం లేదు. తనలో పడిన దానిని నేల కప్పేస్తుంది. కప్పి, మాట్లాడకుండా కూర్చుంటుంది. మహానందికి దగ్గరలోనే గాజులపల్లె వుంది. తొలకరి వానలు పడ్డాయంటే అక్కడి వజ్రాల వంకలో ఎక్కడెక్కడి జనమో చేరి, నడుములు వంచి, మెరిసే రాయి కోసం కళ్ళు కాయలు కాచేటట్టు వెతుకుతారు. ఆ వేటకు యంత్రం పనికిరాదు. వజ్రం బొగ్గుకు తోబుట్టువేగాని లోహం కాదు. యంత్రం పలికేది లోహానికి మాత్రమే.

ఈ సీమలో నిధుల కథలు వూరికే పుట్టలేదు. ఆళ్ళగడ్డకు తూర్పున నల్లమలలో వున్న అహోబిల నరసింహుడికి శ్రీకృష్ణదేవరాయలు నగలు సమర్పించుకున్నాడు. 1579లో గోల్కొండ సేనలు ఆ క్షేత్రాన్ని ఆక్రమించుకున్నాయి. దండు వస్తున్నదంటే వున్నదాన్ని భూమిలో దాచుకోవడం మనుష్య స్వభావం. దాచినవారు తిరిగి రాకపోవడం ఆనాటి కాలస్వభావం. ఆమాత్రం ఆధారం చాలదూ, మన ఊహలకు రెక్కలు రావడానికి? అంజనం వేసేవాడు ఒకడు, గడ్డపార పట్టేవాడు ఒకడు. పాడుపడిన గుడిలో నందిని పడదోసి, పానవట్టం పెకలించి, తెల్లారేసరికి మాయమవుతారు. వాళ్ళకు దొరికేది చాలాసార్లు వట్టి మన్నే. మనకు మిగిలేది మెడ విరిగిన నంది.

రాత్రివేళ దొంగచాటుగానే కాదు, పట్టపగలు అధికారుల సమక్షంలోనూ ఇది జరిగింది. పక్కన కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో చెన్నంపల్లి కోట వుంది. 2017 డిసెంబరులో అక్కడ నిధికోసం తవ్వకం మొదలయింది. యంత్రాలు వచ్చాయి, పత్రికలవారు వచ్చారు, చుట్టుపక్కల జనం గుమిగూడారు. చివరకు చెప్పుకోదగిన నిధి ఏదీ బయటపడలేదు. కోట మాత్రం గుంతలు పడింది.

ఇన్ని గుంతలు ఎందుకు పడతాయి? 'ఇక్కడ' అన్న మాటకూ, 'ఇక్కడెక్కడో' అన్న మాటకూ వున్న తేడావల్ల. మెటల్ డిటెక్టర్ అనే యంత్రాన్ని పాఠకులు చూసే వుంటారు. పొడుగాటి కర్ర చివర పళ్ళెంలాంటి తీగచుట్ట వుంటుంది. దానిని నేలకు ఆనీ ఆనకుండా ఇటూ అటూ వూపుతూ నడిస్తే, కింద లోహం వున్నచోట యంత్రం కూత పెడుతుంది. పళ్ళెం వెడల్పు జానెడు వుంటుంది, ఇంకా ఎక్కువా వుండవచ్చు. కనుక అది చెప్పగలిగేది 'ఇక్కడెక్కడో' అని మాత్రమే. ఇక పార తీసుకుని తవ్వేవాడికి గుంత ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది తెలియదు. వెతికే వస్తువేమో మట్టిరంగుకు తిరిగిపోయి మట్టిలోనే వుంటుంది.

ఈ చిక్కు విప్పడానికి వచ్చినది పిన్‌పాయింటర్. టార్చిలైటు పాటి చేతి పనిముట్టు, ముందువైపు సన్నగా వుంటుంది. ఆ మొనలో చిన్న తీగచుట్ట, దానిలో ఎడతెగక మారుతూ వుండే విద్యుత్తు. ఆ మార్పుకు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దగ్గరలో లోహముంటే దానిలోనూ సన్నని ప్రవాహాలు పుట్టి, ఆ క్షేత్రాన్ని కదిలిస్తాయి. వెంటనే పనిముట్టు కూత పెడుతుంది, అరచేతిలో అదురుతుంది. దగ్గరయ్యే కొద్దీ కూత వడి పెరుగుతుంది. కాసంత వస్తువైతే రెండు మూడు అంగుళాలకు మించి దీనికి ఆనదు. హ్రస్వదృష్టి దీనికి లోపం కాదు. అదే దీని విద్య.

ఆ విద్య నేను చూసినది గుడిలో కాదు, సిరివెళ్ళ దాటిన తరువాత ఒక శనగచేలో. మొలక వేలెడు ఎత్తుకు వచ్చి వున్నది. కలుపు తీయడానికి వచ్చిన ఒక ముసలమ్మ చెవికమ్మ పోగొట్టుకుంది. పుట్టింటివారు పెళ్ళినాడు పెట్టిన జతలో ఒకటి. చేను ఆమెది కాదు. చేనుగల ఆసామి మంచివాడే, కాని పైరు తవ్వనిస్తాడా? "వెతుక్కోండి సార్, వద్దనను. పారలు మాత్రం దించొద్దండి" అన్నాడు. నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ యంత్రాలు తెచ్చాడు. ముసలమ్మ వాటిని ఎగాదిగా చూసి, "మట్టి లోపల వుండేది దానికి యాడ తెలుస్తాది నాయనా?" అంది. "తెలుస్తాది అవ్వా, నువ్వు కూర్చో" అన్నాడు వాడు.

మొదటి కూతకు తుప్పు మేకు వచ్చింది. రెండవ కూతకు ఇనుప తీగముక్క. మూడవ కూత దగ్గర వాడు మేస్త్రీల తాపీతో మూడువైపులా కోసి, మట్టిని మూతలాగా పైకి ఎత్తాడు. గుంతలో పిన్‌పాయింటర్ పెడితే పలకలేదు. పారగాడైతే అక్కడ ఇంకా లోతు తవ్వేవాడు. వీడు పక్కన తీసిపెట్టిన మట్టివైపు మొన తిప్పాడు. ఒక పెళ్ళ దగ్గరకు రాగానే అది గుక్కపట్టి ఏడ్చింది. పెళ్ళను చేత్తో నలిపితే కమ్మ. వంకర పోలేదు, గీత పడలేదు. మట్టిమూత మళ్ళీ బోర్లించి కాలితో అదిమితే, ఎక్కడ తవ్వారో ఆసామికే ఆనవాలు దొరకలేదు. ముసలమ్మ మాట్లాడలేదు. కమ్మను కొంగుతో తుడిచి, తుడిచి, చివరికి చెవికి పెట్టుకోకుండా కొంగునే ముడి వేసుకుంది.

పోయినచోటు కచ్చితంగా తెలియకుండా తవ్వితే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలో పెద్ద ఉదాహరణ ఒకటి వుంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు ఒంట్లో వుండిపోయింది. వైద్యులు కడగని చేతులతో గాయాన్ని కెలికి కెలికి చూశారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ లోహాన్ని పసిగట్టే సాధనం తయారుచేసి తెచ్చాడు. మంచంలోని ఇనుప స్ప్రింగులు దానిని తికమక పెట్టాయి. పైగా గుండు కుడివైపే వున్నదని నమ్మిన వైద్యుడు ఎడమవైపు చూడనివ్వలేదు. గుండు ఎడమవైపు వున్నది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. ప్రాణం తీసింది గుండుకంటె కెలకడంవల్ల పట్టిన చీమే అంటారు నేటి వైద్యులు చాలామంది.

పిన్‌పాయింటర్ పట్టేవారు ఎరగవలసిన సంగతులు నాలుగు వున్నాయి. చేతి వుంగరాలు తీసి పక్కన పెట్టాలి, లేకపోతే అది మన వుంగరానికే కూస్తుంది. పారా, తాపీ కూడా దూరంగా వుండాలి. ముందు గుంత అడుగూ గోడలూ చూసి, తరువాత తీసిన మట్టి చూడాలి. వస్తువు దొరికాక గుంతలో మరొక్కసారి మొన ఆడించాలి, ఒకటి వున్నచోట రెండోది వుండవచ్చు. కొండ పక్కల ఎర్రమన్నులో ఇనుము పాలు ఎక్కువగా వుంటే వట్టి కూతలు వస్తాయి. అన్నిటికీ మించి, ఇది చోటు చెబుతుంది గాని మేలిమి చెప్పదు. మేకుకూ మాడకూ చాలా పనిముట్లు ఒకే కూత కూస్తాయి.

ఇక చట్టం మాట. పిన్‌పాయింటర్ చేతిలో వున్నంత మాత్రాన కోటలూ గుళ్ళూ మనవి కావు. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఇతరుల నేలలో యజమాని ఒప్పుకోవాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగివున్నది పది రూపాయల విలువకు మించినదైతే కలెక్టరుకు తెలియజేయాలి. విచారణలో దానికి సొంతదారు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పాతిక, నేల యజమానికి పాతిక. దాచిపెడితే వాటా పోతుంది, చెరసాల కూడా వుండవచ్చు.

నిధి అంటే బంగారమే అనుకోవడం కూడా మన అలవాటు. నంద్యాలకు పడమట బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే వూరు వుంది. అక్కడి నేలలో, సుమారు 74,000 యేండ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద పొరగా నిలిచివుంది. ఆ పొర కిందా, పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. ఒక్క మాషం బంగారం లేదు. అయినా ప్రపంచంలోని పండితులు ఆ వూరికి వచ్చారు. ఏ వస్తువు ఏ పొరలో వుందన్నదే అక్కడి నిధి. పొరలను కలగలిపి పారవేస్తే రాళ్ళు మిగులుతాయి, కథ పోతుంది. గుంత చిన్నదైతే మేలు అనడానికి ఇంతకంటె పెద్ద కారణం లేదు.

ఆళ్ళగడ్డ చేరేసరికి ఉలుల చప్పుడు ఎదురొస్తుంది. శిల్పులకు పేరుమోసిన వూరు ఇది. రాతిదిమ్మెను ముందు పెద్ద సుత్తితో, మోటు ఉలితో చెక్కుతారు. రూపం దగ్గరపడే కొద్దీ ఉలి సన్నబడుతుంది, దెబ్బ తేలికవుతుంది. దేవుడి కన్ను తీర్చేటప్పుడు పెద్ద సుత్తి ఎత్తే శిల్పి వుండడు. ఆ వూరి దారినే నందులను పగలగొట్టడానికి గడ్డపారలు భుజాన వేసుకుపోయే వాళ్ళు, ఒక్క పూట ఆగి ఆ చేతులవైపు చూస్తే బాగుండును.