ఉప్పల్ రోడ్డు నుంచి సముద్రం అడుక్కి!

"ఉప్పల్లో సముద్రం ఎక్కడుందోయ్?" అని మీరు నవ్వొచ్చు. నిజమే! మాకున్నదల్లా ఒకపక్క మూసీ, ఇంకోపక్క నాచారం చెరువు. విశాఖ సముద్రం చూడాలంటే ఆరువందల కిలోమీటర్ల పైమాటే. అయినా మా పేట నుంచి వెళ్లి సముద్రం అడుగు చూసొచ్చినవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. తమాషా ఏమిటంటే, వాళ్లలో ఒక్కరు కూడా స్కూబా డైవింగ్ కోసం బయల్దేరలేదు. ఒకడు క్రికెట్ వెంట, ఒకమ్మాయి బండరాళ్ల వెంట, ఇంకొకమ్మాయి కూచిపూడి వెంట పోతూ పోతూ నీళ్లలో తేలారు. నాలుగోవాణ్ణి నేనే. నాది కెమెరా పిచ్చి!

ముందు మా పేట చూపిస్తా, రండి. నాగోలులో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ... వరసగా స్టేషన్లు. ఆ స్టేడియంలో తొలి వన్డే 2005 నవంబరు 16న జరిగింది, మనకూ దక్షిణాఫ్రికాకూ. కాస్త ముందుకొస్తే భూమి గుట్టు విప్పే ఎన్.జి.ఆర్.ఐ., జీవకణం గుట్టు విప్పే సి.సి.ఎం.బి. హబ్సిగూడలో కుడిచేతికి తిరిగితే నాచారం. ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు, ఇరానీ చాయ్... వీటి మధ్యనే ఎన్.టి.రామారావుగారు కట్టిన రామకృష్ణా స్టూడియో!

రామారావుగారంటే కృష్ణుడు, కృష్ణుడంటే ద్వారక గుర్తొస్తాయి కదా! 1980లలో ఎస్.ఆర్.రావుగారనే పురావస్తు శాస్త్రజ్ఞుడి బృందం ద్వారక దగ్గర సముద్రంలో మునిగి పాత రాతి లంగర్లు, కట్టడాల రాళ్లు వెదికింది. నేల తవ్వే విద్య చివరికి నీళ్లలోకి దింపిందన్నమాట!

ఇక మా గల్లీ బౌలర్ సంగతి. స్టేడియం చప్పుళ్లు వింటూ పెరిగినవాడు. ఎప్పటికైనా ఆ పిచ్ మీద బంతి వెయ్యాలని వాడి కల. ఇరవై రెండో ఏట మోకాలు దెబ్బతింది. డాక్టరుగారు "పరుగు మానెయ్యి, ఈత కొట్టు" అన్నారు. అంతే! ఏడాదిపాటు మనిషి మనిషి కాడు. మ్యాచ్ రోజున స్టేడియం హోరు వినిపిస్తే లేచి కిటికీ మూసేసేవాడు. అలాంటివాడికి ఈతకొలనులో ఎవరో స్కూబా సంగతి చెప్పారు. వీడు మా అందరికీ ఎక్కించాడు.

ఇలాంటి కథే ఫ్రాన్సులో ఒకటుంది. జాక్ కూస్తో అనే నేవీ కుర్రాడు విమానం నడపాలని కలలు కన్నాడు. 1936లో కారు ప్రమాదంలో చేతులు విరిగి ఆ కల కాస్తా పోయింది. చేతులు బాగుపడాలని సముద్రంలో ఈత మొదలెట్టాడు. నీళ్లలో చూసే కళ్లద్దాలు పెట్టుకున్నాడు... ఇక ఒడ్డు మీద మనసు నిలవలేదు! 1943లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి ఆక్వాలంగ్ తయారుచేశాడు. ఈ రోజు మనం వీపున కట్టుకునే సరంజామాకు మూలం అదే. ఆయన తీసిన "ది సైలెంట్ వరల్డ్" 1956లో కాన్స్ పెద్ద బహుమతి, తర్వాత ఆస్కార్ కూడా కొట్టేసింది!

సరే, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ చేరాం. అక్కణ్ణించి రుషికొండ. రానా నటించిన "ఘాజీ" (2017) చూశారుగా? 1971 డిసెంబరులో ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మునిగింది ఈ విశాఖ సముద్రంలోనే.

దిగేముందు పాఠం. సిలిండర్లో ఉండేది ఉత్త ఆక్సిజన్ కాదు, బాగా కుదించిన మామూలు గాలే! పది మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు. అక్కడ పీల్చిన గుండెల నిండా గాలి, పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. కాబట్టి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. ఈతగాళ్లకు ఊపిరి బిగబట్టడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది!

మౌలాలి గుట్ట చూస్తూ పెరిగిన మా రాళ్లెక్కే అమ్మాయికి తాడు ముడి రెండుసార్లు చూడటం అలవాటు. "అన్నా, నీ బెల్టు వదులైంది" అని పడవలోనే నన్ను పట్టేసింది. డైవింగ్‌లో జంటలో ఒకరి సామాను ఇంకొకరు చూడాలన్నది మొదటి సూత్రం. కూచిపూడి అమ్మాయికి సైగలు క్షణంలో వచ్చేశాయి. "అంతా బాగుంది" అనే సైగ అచ్చం హంసాస్య ముద్రే! బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు సుమండీ, "పైకి పోదాం" అని.

లోపల నీళ్లు సినిమాలో చూపినంత నీలంగా లేవు. కాస్త ఆకుపచ్చ మసక. నా కెమెరాలో ఎర్రరంగు ముందు మాయమైంది. కూచిపూడి అమ్మాయి ఎర్రచొక్కా మట్టిరంగులోకి దిగిపోయింది! మన బౌలర్ మొదట్లో కాళ్లూ చేతులూ తెగ ఆడించాడు. బలమున్నవాడు గాలి త్వరగా ఖర్చుపెడతాడు. శిక్షకుడు చెయ్యి చూపి నెమ్మదించమన్నాడు. తర్వాత చూస్తే ఎనిమిది మీటర్ల లోతున ఇసుకకు జానెడెత్తులో, పడుకున్నట్టు, కదలకుండా తేలుతున్నాడు! పైకొచ్చి మాస్కు తీసి ఒక్కటే మాటన్నాడు. "మోకాలు ఉన్నదే యాదికి రాలేదు రా!"

మొన్న ఐపీఎల్ మ్యాచ్ రోజున వాళ్లింటికెళ్లా. స్టేడియం హోరెత్తిపోతోంది. కిటికీ తెరిచే ఉంది. వాడు మాత్రం కొత్త కోర్సు పుస్తకం చదువుకుంటున్నాడు.

మీకూ మనసైతే డాక్టరుకు చూపించుకుని, తర్ఫీదున్న శిక్షకుడి దగ్గరే దిగండి. వరసగా డైవింగ్ చేశాక విమానం ఎక్కాలంటే కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ తగ్గాలి కదా! మాకా చిక్కు లేదు. గోదావరిలో పైబెర్తు దక్కింది, సికింద్రాబాద్ దాకా హాయిగా నిద్రపోయాం!